మాస్కుకు ఉన్న చిల్లు

ఊపిరితిత్తుల వార్డులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. వచ్చి మెషిన్ గురించి అడుగుతారు. ఏ నంబరు దగ్గర పెట్టాలి, ఏ గంట మోగితే ఏం చెయ్యాలి, ఏ కంపెనీది మంచిది. అవన్నీ మెషిన్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉంటాయి, చదువుకోండి అంటాను. నేను చెప్పేది మాస్కుకు ఉన్న చిల్లు గురించి. వాళ్లు మర్యాదకు తలూపి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ముసలామెకు చాదస్తం పట్టిందని మెట్లు దిగుతూ అనుకుంటారు, నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచి వెళ్లిపోదు కదా.

నా పేరు దీనమ్మ. మాది జమ్మలమడుగు. మా ముత్తాతల కాలంలో మిషన్ దొరల దగ్గర వాక్యం విని క్రైస్తవులైన కుటుంబం. మా ఇళ్లల్లో ఆడపిల్ల చదివిందంటే టీచరైనా కావాలి, నర్సైనా కావాలి. నాకు లెక్కలు రావు, అందుకని నర్సునయ్యాను. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఛాతీ ఆసుపత్రిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. వెళ్లేటప్పుడు ఒక శాలువా కప్పారు. అది బీరువాలో ఉంది. సన్మానాల గురించి రాయాల్సింది అంతే.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. నేను అనుమానపు మనిషిని. వార్డులో గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపిస్తే ఎవరివో తెలిసేదాకా నాకు మనసు నిలవదు. పుట్టుకతో వచ్చిందో, ఆ రోజుల్లో మా వైపు బతికినందువల్ల వచ్చిందో చెప్పలేను. ఈ గుణం వల్ల కొన్ని ప్రాణాలు నిలిచాయి. ఒక మనిషి చెయ్యి విరిగింది కూడా.

ఈ జబ్బు, ఈ మెషిన్

ఈ జబ్బు వచ్చినవాడికి గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. ఏళ్ల తరబడి బీడీలు కాల్చినవాళ్లు, కందికట్టె పొయ్యి ముందు కూర్చుని ఊదిన ఆడవాళ్లు, నాపరాళ్లు కోసి పాలిష్ పట్టి ఆ దుమ్ము మింగినవాళ్లు, మా వార్డు నిండా వీళ్లే. పాతబడిన లంగా ఎలాస్టిక్ లాగా ఊపిరితిత్తులు సాగిపోతాయి. చెడ్డ గాలి లోపలే నిలిచిపోతుంది. అది పేరుకునేకొద్దీ మనిషికి మత్తు కమ్ముతుంది. చూసేవాళ్లకు మాత్రం ఆయాసం తగ్గి నిద్రపోతున్నట్టే ఉంటుంది.

మునుపు ఇలాంటి వాళ్లకు గొంతులో గొట్టం వేసి పెద్ద మెషిన్‌కు తగిలించేవారు. వేయడం సులువు, తియ్యడం కష్టం. తర్వాత బైపాప్ అనే చిన్న మెషిన్ వచ్చింది. దీనికి గొంతులో గొట్టం అక్కర్లేదు. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి పట్టీలతో తలకు కడతారు. మనిషి పీల్చినప్పుడు మెషిన్ గట్టిగా గాలి తోస్తుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. అలసిపోయిన ఛాతీకి పక్కనుంచి చెయ్యందించినట్టు ఉంటుంది.

మాస్కుకు, గొట్టం కలిసే చోట, ఒక చిన్న చిల్లు ఉంటుంది. మెషిన్ నడిచినంతసేపూ అందులోంచి సుయ్‌మని గాలి పోతూనే ఉంటుంది. మనిషి వదిలిన చెడ్డ గాలి బయటికి పోయే దారి అదే. దాన్ని మూస్తే, తాను వదిలిన గాలినే తాను మళ్లీ మళ్లీ పీల్చుకుంటాడు. ఇదంతా ఎవరికైనా ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. నేను చెప్పలేదు.

నాకు దండం పెట్టిన కూతురు

ఆ మెషిన్ రాకముందు జరిగింది ఒకటి చెప్పాలి. వీరపునాయునిపల్లె వైపు నుంచి ఒక ముసలామెను తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ సన్నగా పెట్టమని డాక్టరు గారు చీటీలో రాసి వెళ్లారు. ఆ పెదవుల రంగు చూస్తూ నేను ఓపిక పట్టలేకపోయాను. పిడి తిప్పి ఎక్కువ పెట్టాను. కాసేపటికి పెదవులు ఎర్రబడ్డాయి, ఆయాసం తగ్గింది, ముసలామె కళ్లు మూసుకుంది.

"మూడు దినాలైంది అక్కా, మాయమ్మ కునుకు తీసి. ఇప్పుడు సూడు ఎట్ల నిద్దరపోతాందో. నీ చెయ్యి శానా మంచిది," అని ఆమె కూతురు నా చేతులు పట్టుకుంది.

నేను గర్వపడ్డాను. ముసలామె ఆ నిద్రలోంచి లేవలేదు. ఈ జబ్బు ముదిరినవాళ్లకు ఆక్సిజన్ అతిగా పెడితే చెడ్డ గాలి ఇంకా పేరుకుంటుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. డాక్టరు గారు నన్ను తిట్టలేదు. "ఈ జబ్బులో నిద్రను నమ్మకండి సిస్టర్ గారూ," అన్నారు. కూతురు మాత్రం శవాన్ని తీసుకుపోతూ, తల్లిని ఆఖరున హాయిగా నిద్రపుచ్చానని నాకు దండం పెట్టింది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ దండం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పెద్దాయన

మా డాక్టరు గారు కృష్ణా జిల్లా వారు. మంచి వైద్యుడు, పిరికి మనిషి. మా మాట ఆయన చెవికి తిట్టినట్టు వినిపించేది. "ఏంది సామీ, బాగుండావా?" అని ఎవరైనా ప్రేమగా పలకరించినా ఒక అడుగు వెనక్కి వేసేవారు. బైపాప్ మెషిన్‌ను బెంగుళూరు నుంచి ఆయనే తెప్పించారు. వాడనప్పుడు దాని మీద తెల్లగుడ్డ కప్పించేవారు.

అది వచ్చిన ఏడాదిలోపే వేముల అవతల ఒక పల్లె నుంచి పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు రాయను, ఊరి పేరు రాయను, పార్టీ పేరు అసలే రాయను. ఆయన పోయి చాలా కాలమైంది, కానీ ఆ పేరు మోసేవాళ్లు ఇంకా ఉన్నారు, నేనూ ఇంకా ప్రొద్దుటూరులోనే ఉన్నాను. ఆ ఊళ్లో రెండు వర్గాలు, ఒకదానికి ఆయనే పెద్ద. ఒక వర్గం ఏ పార్టీలో ఉంటే రెండో వర్గం దానికి ఎదురు పార్టీలో ఉండేది. పార్టీలు మారినా ఎదురు మాత్రం మారేది కాదు. అప్పుడు ఎలక్షన్లు దగ్గరపడ్డాయి.

రెండు సుమోలు వచ్చి ఆగాయి. ముందు మనుషులు దిగి గదంతా వెతికారు. మంచం కింద, బాత్రూములో, బీరువా వెనక. ఆ తర్వాత పెద్దాయనను కుర్చీలో మోసుకొచ్చారు. ఎవరి పేరు చెబితే చిన్నపిల్లలు ఏడుపు ఆపేవారో, ఆ మనిషి నాలుగు మాటలు కలిపి అనలేకపోతున్నాడు. మంచం అంచు పట్టుకుని, పెదవులు ముడుచుకుని, ఒక్కో ఊపిరినీ వెతుక్కుంటున్నాడు.

ఆయనతో ఎప్పుడూ ఇద్దరు ఉండేవారు. ఒకడు మేనల్లుడు, వచ్చినవాళ్లందరికీ అతనే నాయకుడు. రెండోవాడు గంగన్న. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, చిన్న వయసులోనే పెద్దాయన దగ్గర చేరాడు. పెద్దాయన తినేది, తాగేది ముందు తాను నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, తనకేమీ కాలేదని తేలాక ఇవ్వడం గంగన్న పని. ఇరవై ఏళ్లుగా అతను చేసింది అదే. ఆసుపత్రిలోనూ మానలేదు. ఇడ్లీ రుచి చూశాడు, కాఫీ రుచి చూశాడు. దగ్గు మందు రుచి చూసి, ఇంకో మూత పొయ్యమన్నాడు.

మాస్కు దగ్గర పేచీ వచ్చింది. మేనల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూతీ ముక్కూ మూసేది ఏందమ్మా ఇది? మొగానికి దిండు పెట్టి అదిమినట్టుండాది. దీన్ని కట్టి సంపేస్తే మాకేం తెలుస్తాది?"

"ముందు నేను పెట్టుకుంటా," అన్నాడు గంగన్న.

డాక్టరు గారు నా వైపు చూశారు. పెట్టమన్నాను. గంగన్న మొహానికి మాస్కు కట్టి మెషిన్ వేశాను. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి. పది నిమిషాలు అలాగే కూర్చున్నాడు. తీశాక పెద్దాయన వైపు తిరిగి, "మోటర్ సైకిల్ మీద ఎదురుగాలికి పోయినట్టుండాది మామా. భయం ల్యా," అన్నాడు.

స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, ఆ మాస్కును పెద్దాయన చేతికే ఇచ్చాను. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. మొదటిసారి పట్టీలు కట్టకండి. రోగినే తన చేత్తో తన మొహానికి పట్టుకోనివ్వండి. వద్దనుకుంటే తీసెయ్యొచ్చని చెయ్యికి తెలిస్తే భయం సగం తగ్గుతుంది. పెద్దాయన అలాగే పట్టుకున్నాడు, రెండుసార్లు తీశాడు, మూడోసారి ఉంచుకున్నాడు. అరగంటకు భుజాలు కిందికి దిగాయి. అప్పుడు పట్టీలు కట్టాను. ఆ తర్వాత తిండి కోసం మాస్కు తీసిన ప్రతిసారీ, మళ్లీ పెట్టే ముందు గంగన్న పెట్టుకుని చూసేవాడు.

మొదటి రోజే మేనల్లుడు, "ఈ సప్పుడేంది? గాలి యాడనుంచో పోతాంది," అని అడిగాడు.

"అది అంతేనండీ, మీరు పట్టించుకోకండి," అని డాక్టరు గారు నన్ను బయటికి పిలుచుకుపోయారు. తన గదిలో తలుపు వేసి గొంతు తగ్గించారు. "ఎక్కడ మూస్తే మనిషి పోతాడో వీళ్లకు తెలియనివ్వకండి సిస్టర్ గారూ. ఇవాళ వీళ్లకు తెలిస్తే రేపు వీళ్ల శత్రువులకు తెలుస్తుంది."

ఆ మాట నాకు చాలా తెలివైనదిగా తోచింది. చెప్పకపోతే నాకే తోచి ఉండేది. సరే సార్ అన్నాను.

మౌలాలి

మా వార్డు అటెండరు మౌలాలి. కుర్రతనంలో ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్‌లో చేసి, ఆ దుమ్ము పడక మా దగ్గర చేరాడు. ఆక్సిజన్ సిలిండర్లు మార్చడం, మెషిన్ పక్కన ఉండే నీళ్ల సీసా కడిగి నింపడం అతని పనులు. సందు దొరికితే ఆసుపత్రి వెనక బీడీ. నన్ను అక్కా అనేవాడు. అతని భార్య పుట్టింట్లో ఆడపిల్లను కంటే, నేను ఒక గౌను కొనుక్కుని బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లి చూసొచ్చాను.

ఆ పల్లె పెద్దాయనదే. సుమోలు వచ్చిన రోజు మౌలాలి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, మా అత్తోళ్ల ఊరు అదేనని ఎవురికీ చెప్పొద్దు. మా మామ ఎదురు పక్కోళ్ల చేన్లో పని చేస్తాడు. వీళ్లకు తెలిస్తే నాకు మంచిది కాదు."

"నాకేం పని చెప్పడానికి?" అన్నాను.

అప్పటికి ఆ మాట నిజమే. మర్నాడు పొద్దున ఆసుపత్రి ఎదురుగా టీ బంకు దగ్గర మౌలాలి ఒక తెల్లచొక్కా మనిషితో మాట్లాడుతూ కనిపించాడు. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి మౌలాలి మాట ఆపాడు. ఆపాడని నాకు అనిపించింది. అది చాలు, నా బుర్ర మిగతాది అల్లుకుపోయింది. అతని మామ ఎవరి చేన్లో పని చేస్తాడు, ఇతను రోజూ ఎవరి మెషిన్ పక్కన నీళ్లు పోస్తాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. లోపల మాత్రం దాచిపెట్టుకున్నాను.

మూడో రోజు

రెండు రోజులు పెద్దాయనకు బాగా నడిచింది. రెండో రోజు సాయంత్రం ఇడ్లీ చల్లారిందని అందరినీ తిట్టాడు. ఆ తిట్లు ఒక్క ఊపిరిలో వచ్చాయి, మా వార్డులో అంతకంటే మంచి కబురు ఉండదు.

మూడో రోజు డాక్టరు గారు పులివెందులలో రోగులను చూసే రోజు, పొద్దున్నే వెళ్లిపోయారు. పది గంటలకు నేను పెద్దాయన గదిలోకి వెళ్లాను. మాస్కు కట్టి ఉంది, మెషిన్ నడుస్తోంది, ఆయన పడుకుని ఉన్నాడు.

"హాయిగా నిద్దరపోతాండాడు. లేపొద్దు సిస్టరమ్మా," అన్నాడు మేనల్లుడు.

వీరపునాయునిపల్లె ముసలామె నా కళ్ల ముందుకొచ్చింది. భుజం పట్టి ఊపాను. పలకలేదు. చేతులు వేడిగా, తడిగా ఉన్నాయి. ఎత్తి పట్టుకుంటే పక్షి రెక్కల్లా కొట్టుకుని కింద పడ్డాయి. చెడ్డ గాలి పేరుకుంటే చేతులు అలాగే కొట్టుకుంటాయి. ఆక్సిజన్ చూశాను, సన్నగానే ఉంది. మెషిన్ మీద నంబర్లు చూశాను, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడు నా నోటివెంట ఒక ప్రశ్న వచ్చింది.

"ఎవరైనా ఏమైనా ఇచ్చారా ఈయనకు?"

ఒక గదిలో ఎవరితో ఏ మాట అనకూడదో నర్సుకు తెలిసి ఉండాలి. నేను అడిగింది నిద్రమాత్ర గురించి. అక్కడున్నవాళ్లు విన్నది విషం గురించి. మేనల్లుడు లేచి తలుపు మూశాడు.

"పొద్దున్నుంచి లోపలికి యెవురెవురు వచ్చినారు?"

"నేను వచ్చాను. ఊడ్చే ఆమె వచ్చింది. నీళ్ల సీసా మార్చడానికి మౌలాలి వచ్చాడు."

"యా ఊరోడు వాడు?"

"ప్రొద్దుటూరే."

"పెండ్లాందేవూరు?"

ఇక్కడ నేను ఏమీ దాచకుండా రాయాలి. నన్ను ఎవరూ కొట్టలేదు. ఎవరూ కత్తి చూపించలేదు. తెలియదు అంటే సరిపోయేది. తెలిసే చెప్పాను. ఊరు చెప్పాను, మామ ఎవరి చేన్లో పని చేస్తాడో కూడా చెప్పాను. ఎందుకంటే, అది మౌలాలి పనేనని నా మనసు అప్పటికే తీర్పు చెప్పేసింది.

వరండాలోంచి అతన్ని ఈడ్చుకుపోతుంటే గుమ్మంలో నేను కనిపించాను. "అక్కా, నువ్వన్నా చెప్పక్కా," అన్నాడు. వరండా చివర సిలిండర్లు పెట్టే గదిలోకి తోసి, వాళ్లూ లోపలికి పోయి తలుపేసుకున్నారు. మేనల్లుడు బయట నిలబడ్డాడు.

"పెద్దాయన కండ్లు తెరిస్తే వాడు బయటికొస్తాడు. తెరవకుంటే రాడు," అన్నాడు నాతో. అరవలేదు, మామూలుగానే అన్నాడు.

డాక్టరు గారి కోసం పులివెందులకు ఫోన్ చేయించాను, బయల్దేరినా రావడానికి టైము పడుతుంది. గదిలో నేను, గంగన్న, మంచం మీద పెద్దాయన. మళ్లీ మొదటి నుంచి చూద్దామని మెషిన్ ముందు నిలబడ్డాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. కాసేపటికి తెలిసింది. గది నిశ్శబ్దంగా ఉంది. రెండు రోజులుగా వినిపిస్తున్న సుయ్‌మనే చప్పుడు లేదు.

మాస్కు కింద చెయ్యి పెట్టాను. వేలికి ప్లాస్టర్ తగిలింది. మా ట్రేలో ఉండే తెల్ల ప్లాస్టరే. చిల్లు చుట్టూ తుడిచి, గుండ్రంగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి రెండు పొరలు నీటుగా అతికించి ఉంది. గోటితో పీకేశాను. గాలి అరచేతికి తగిలింది.

"అది పీకినావేంది సిస్టరమ్మా! ఎంత కష్టపడి అతికించినా!" అని గంగన్న లేచొచ్చాడు.

"నువ్వా?"

"నేనే. రెండు దినాల నుంచి ఆ సప్పుడు యాడనుంచో దొరకల్యా. తెల్లారి మాస్కు పెట్టుకుని తడిమితే చిల్లు దొరికె, గాలి అందులోంచే పోతాంది. ఎవుడో చిల్లు పెట్టినాడు. మామకు పోవాల్సిన గాలి బయటికే పోతాంది గదా. సైకిల్ ట్యూబుకు పంచర్ యేసినట్టు యేసినా. యేసి మల్లా నేను పెట్టుకుని సూసినా, బాగుండె."

"నాకు చెప్పొచ్చు కదా?"

"నీకెట్ల చెప్పేది? చిల్లు పెట్టింది నువ్వే కావచ్చు గదా," అన్నాడు గంగన్న.

అతని స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. ఆ చిల్లు ఎందుకుందో అప్పుడు చెప్పాను, రెండు రోజులు ఆలస్యంగా. అతని చెయ్యి పట్టి చిల్లు ముందు పెట్టి, మీ మామ వదిలే చెడ్డ గాలి ఇదే అన్నాను. గంగన్న పీకేసిన ప్లాస్టర్ ముక్కను నేల మీంచి ఏరుకున్నాడు.

వరండాలోకి పరిగెత్తి మేనల్లుడితో చెప్పాను. మాస్కులో తప్పు జరిగింది, మౌలాలి ఏమీ చెయ్యలేదు, వదిలెయ్యండి అని.

"ఇంతకుముందు వాడన్నావు, ఇప్పుడు వాడు కాదంటాండావు. ఈ పది నిమిషాల్లో నిన్నెవురు కలిసినారు?" అన్నాడు. అనుమానంలో నా కంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. "పెద్దాయన లేసి చెప్పాల. అంతే."

లోపలి నుంచి ఒక్కసారి కేక వినిపించింది. తర్వాత సిలిండరు దొర్లిన చప్పుడు. వెనక్కి వచ్చి మంచం తలవైపు ఎత్తి, చిల్లు దగ్గర అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఒక్కో ఊపిరీ చేతికి తగులుతోంది. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. లేవయ్యా, లేవయ్యా అనుకున్నాను. పెద్దాయన కోసం కాదు. ఆ నిమిషంలో ఆయన బతికినా చచ్చినా నాకు పట్టలేదు.

మధ్యాహ్నం దాటాక పెద్దాయన కళ్లు తెరిచి మాస్కు కిందికి లాక్కున్నాడు. "గొంతు ఎండిపోయింది. నీళ్లు తేరా," అన్నాడు.

గంగన్న గ్లాసులో నీళ్లు పోసి, అలవాటు ప్రకారం ముందు తాను ఒక గుక్క తాగి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మేనల్లుడూ మిగతావాళ్లూ లోపలికి వచ్చారు. అందరి ముందూ గంగన్న చెప్పేశాడు.

"తప్పు నాది మామా. గాలి పోతాందని నేనే మూసినా. ఆ అటెండరుకేం తెల్దు."

పెద్దాయన చేత్తో వరండా వైపు చూపించాడు. "వాన్ని వదలండి," అన్నాడు. తర్వాత గంగన్న చేతిలో గ్లాసు తీసుకుని, తాగకుండా, మేనల్లుడికి అందించాడు. "నువ్వు తాగు ముందు."

గంగన్న మొహం అప్పుడు ఎలా ఉందో నేను రాయలేను. ఇరవై ఏళ్ల పని ఆ గ్లాసుతో అయిపోయింది. ఆ తర్వాత ఆ గదిలో అతన్ని నేను చూడలేదు.

మౌలాలి ఎడమ మణికట్టు విరిగింది. చెవిలోంచి రక్తం కారుతోంది. నేను దూదీ కట్టూ తీసుకుని వెళ్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు సిస్టరమ్మా," అన్నాడు.

అక్కా అనలేదు. అతని అత్తగారి ఊరు ఆ ఆసుపత్రిలో నాకొక్కదానికే తెలుసు కాబట్టి, ఎవరు చెప్పారని అడగాల్సిన అవసరం అతనికి లేదు. కట్టు ఇంకో నర్సు కట్టింది. మర్నాటి నుంచి పనికి రాలేదు. రెండు వారాల తర్వాత ఆ తెల్లచొక్కా మనిషి మౌలాలిని వెతుక్కుంటూ వచ్చాడు. చిలమకూరు వైపు బస్సులో కండక్టరట, ఇద్దరూ కలిసి చదువుకున్నారట.

చెప్పినందువల్ల

"మనం చెప్పి ఉంటే మాత్రం వాళ్లు నమ్మేవారా?" అన్నారు డాక్టరు గారు ఆ సాయంత్రం. నమ్మేవారు కారేమో. కానీ చెప్పడం మన పని, నమ్మడం వాళ్ల పని. వాళ్ల పని వాళ్లు చెయ్యరని మన పని మనం ఎగ్గొట్టాం.

ఆ వారమే ఎర్ర ఇంకు తెచ్చి ప్రతి మాస్కుకూ చిల్లు చుట్టూ సున్నా చుట్టాను. డాక్టరు గారు వద్దన్నారు, నేను వినలేదు. రోగి మంచం దగ్గర ఎవరుంటే వాళ్ల అరచెయ్యి పట్టి చిల్లు ముందు పెట్టించి, "ఇది మూస్తే మనిషి పోతాడు," అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఏ వర్గం, ఏ పార్టీ అని చూడలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ చిల్లును పగతో మూసినవాడు ఒక్కడూ నాకు కనబడలేదు. తెలియక, ప్రేమకొద్దీ మూసినవాడే కనబడ్డాడు.

మీరు అనుమానం మానుకోమని నేను చెప్పను. మెషిన్‌ను అనుమానించండి. నంబర్లను అనుమానించండి. హాయిగా నిద్రపోతున్న రోగిని అనుమానించండి. అందరికంటే ముందు మీ చేతిని అనుమానించండి. మనిషిని అనుమానించాల్సి వస్తే మాత్రం, చేత్తో తడిమి చూసేదాకా నోరు మూసుకోండి. ఆ పూట నేను ముందు మాస్కు కింద చెయ్యి పెట్టి, తర్వాత మాట్లాడి ఉంటే సరిపోయేది.

మౌలాలి మళ్లీ

చాలా ఏళ్లు గడిచాయి. సుమోలు తగ్గాయి. మెషిన్లు చిన్నవై, రోగులు ఇళ్లకే తీసుకుపోతున్నారు. మాస్కు ఎవరి మొహానికి ఏ సైజు సరిపోతుందో చూసి నేర్పించి పంపే పని నాది. ఒక రోజు ఒక అమ్మాయి తండ్రిని భుజం పట్టి నడిపించుకొచ్చింది. నేను గౌను పట్టుకుపోయిన పిల్ల. నాపరాళ్ల దుమ్ము, బీడీలు కలిసి తమ పని తాము చేశాయి. మౌలాలి కూర్చుని ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఎడమ మణికట్టు కొంచెం వంకరగా ఉంది.

నన్ను గుర్తుపట్టాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు. నేను మాస్కు అతని చేతికి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ముందు నువ్వు పెట్టుకో," అన్నాడు.

కూతురు, "అట్ల అనొద్దు నాయనా," అని కంగారుపడింది. నేను కూర్చుని మాస్కు కట్టుకుని మెషిన్ వేసుకున్నాను. ఇన్నేళ్లు వందల మందికి కట్టాను గానీ, నా మొహానికి కట్టుకోవడం అదే మొదటిసారి. గాలి మీదపడింది, నోట్లో మాట నోట్లోనే ఆగింది. మౌలాలి ఆ వంకర చెయ్యి చాపి, ఎర్ర సున్నా దగ్గర అరచెయ్యి పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. మాస్కు అంచు మీదుగా నా కళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. పది నిమిషాలయ్యాక చెయ్యి తీశాడు.

మాస్కు విప్పి, స్పిరిట్‌తో తుడుస్తూ అన్నాను. "మౌలాలీ, ఆ రోజు మీ అత్తోళ్ల ఊరు చెప్పింది నేనే."

"తెలుసు."

"నిన్ను అనుమానించాను. తప్పు చేశాను."

"అది గూడా తెలుసు. మాస్కు ఇయ్యి," అన్నాడు.

ఆ తర్వాత మెషిన్ చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ అదే పద్ధతి. ముందు నేను పది నిమిషాలు, తర్వాత అతను. రిటైరయ్యాక కూడా అతను వచ్చే రోజు తెలుసుకుని వెళ్లేదాన్ని. కొత్త నర్సులు నవ్వుకునేవారు. చాల్లే అని అతను ఒక్కసారి కూడా అనలేదు. అక్కా అని కూడా అనలేదు.

ఆఖరిసారి వచ్చినప్పుడు చక్రాల కుర్చీలో వచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. నేను ఎప్పటిలాగే కూర్చుని, మాస్కు తీసి మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. మౌలాలి చెయ్యి చాపి నా చేతిలోంచి దాన్ని లాక్కుని, తానే పెట్టుకున్నాడు. నమ్మి పెట్టుకున్నాడో, పది నిమిషాలు ఆగే ఊపిరి లేక పెట్టుకున్నాడో నాకు తెలియదు. అడగలేదు. చిల్లు దగ్గర అరచెయ్యి పెట్టి, గాలి వస్తోందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను.